అకీరా 4కె డిస్క్: కొనేముందు పక్కన పెట్టాల్సిన అపోహలు

కత్సుహిరో ఓటోమో తీసిన ఆనిమే (జపాన్ ఆనిమేషన్) సినిమా "అకీరా" 1988 జులై 16న జపాన్ థియేటర్లలో విడుదలైంది. 2020 ఏప్రిల్‌లో అదే సినిమా అక్కడ 4కె అల్ట్రా హెచ్‌డీ బ్లూరేగా వచ్చింది. తర్వాత బ్రిటన్, అమెరికా ఎడిషన్లు కూడా వచ్చాయి. మన తెలుగువాళ్లలో ఆనిమే చూసేవాళ్లు పెరిగేకొద్దీ ఈ డిస్క్ గురించి నన్ను అడిగేవాళ్లూ పెరిగారు. పాత ఫిల్మ్‌ని స్కాన్ చేయడం, శుభ్రం చేయడం, రంగులు సరిచేయడం నా పని. అందుకే అడుగుతారు. అయితే చాలామంది ప్రశ్నతో రారు, ఎక్కడో విని నమ్మేసిన మాటతో వస్తారు.

ఈ పనిలో నేను పెట్టుకున్న కొలబద్ద ఒకటే. కెమెరా ముందు ఉన్నదంతా సినిమా. ఆ తర్వాత ఫిల్మ్‌కి అంటుకున్నది మరక. మొదటిదాన్ని ముట్టుకోకూడదు, రెండోదాన్ని వదలకూడదు. కింద చెప్పేవాటిలో కొన్ని ఈ తేడా తెలియక పుట్టినవే.

అపోహ: చేత్తో గీసిన బొమ్మలకు 4కె దేనికి, డీవీడీ సరిపోతుంది.

వాస్తవం: గీసింది చేత్తోనే, కానీ మనం చూసేది ఆ కాగితాన్ని కాదు. గీతల్ని పారదర్శకమైన షీటు మీదికి ఎక్కిస్తారు. దాన్నే సెల్ అంటారు. దాని వెనకవైపు రంగు నింపి, కుంచెతో వేసిన బ్యాక్‌గ్రౌండ్ మీద పరిచి, పైనుంచి కెమెరాతో ఒక్కో ఫ్రేమునీ 35 ఎంఎం ఫిల్మ్ మీద ఫొటో తీస్తారు. అంటే ప్రతి ఫ్రేమూ ఒక ఫొటోనే. అకీరాకి సుమారు 1,60,000 సెల్స్ పట్టాయి. 327 రంగులు వాడారు, అందులో 50 ఈ సినిమా కోసమే కొత్తగా తయారుచేయించారు. కథ జరిగే నగరం నియో టోక్యో రాత్రి పూట కనిపించే షాట్లలో వందల కిటికీలు, ఒక్కోదానికీ వేరే వెలుతురు. డీవీడీలో ఆ కిటికీలన్నీ ముద్దగా కలిసిపోతాయి. 4కెలో కుంచె ఏ దిక్కుకి నడిచిందో తెలుస్తుంది. సెల్ పొరల మధ్య పడిన సన్నటి నీడ కూడా కొన్నిచోట్ల కనబడుతుంది. నాకైతే ఆ నీడ చూసినప్పుడు, ఇది మనుషులు ఒక బల్ల దగ్గర కూర్చుని చేసిన పని అని గుర్తొచ్చి గౌరవం కలుగుతుంది.

ఇది ఏఐతో సాగదీసిన బొమ్మ అనుకునేవాళ్లూ ఉన్నారు. కాదు. 35 ఎంఎం మాస్టర్ పాజిటివ్‌ని 4కెలో స్కాన్ చేశారు. మాస్టర్ పాజిటివ్ అంటే ఒరిజినల్ నెగటివ్ నుంచి నేరుగా తీసిన కాపీ, థియేటర్లకు పంపే ప్రింటు కంటే చాలా మెరుగైనది. అసలు ఇబ్బంది ఎక్కడంటే, 2000 తర్వాత కంప్యూటర్‌లో తక్కువ రిజల్యూషన్‌లో పూర్తిచేసిన ఎన్నో ఆనిమే సీరియళ్ల దగ్గర. వాటికి తిరిగి వెళ్లి స్కాన్ చేయడానికి ఫిల్మ్ లేదు. వాటిని పెంచి చూపించడం తప్ప దారి లేదు. 1988 నాటి సెల్ సినిమాకి ఆ సమస్య లేదు.

అపోహ: తెర మీద సన్నగా మసలే గ్రెయిన్ అంటే మురికి. మంచి రీమాస్టర్‌లో అది ఉండకూడదు.

వాస్తవం: నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టే అపోహ ఇదే. వెలుతురు పడినప్పుడు ఫిల్మ్ పొరలోని రేణువులు స్పందిస్తాయి. కలర్ ఫిల్మ్‌ని కడిగాక ఆ రేణువుల చోట రంగు చుక్కలు మిగులుతాయి. బొమ్మంతా ఆ చుక్కలతోనే ఏర్పడింది. గ్రెయిన్‌ని తుడిచేస్తే దానితోపాటు సన్నటి గీతలు, బ్యాక్‌గ్రౌండ్‌లోని కుంచె జాడలు కూడా పోతాయి. ముఖాలు మైనం పూసినట్టు అవుతాయి.

ఇక అసలు మురికి సంగతి. సెల్ సినిమాలో దుమ్ము రెండు చోట్ల నుంచి వస్తుంది. ఒకటి, ఫొటో తీసే రోజునే సెల్ మీద వాలిన నలుసు. రెండు, తర్వాత ఫిల్మ్ మీద పడినది. వీటిని కనిపెట్టడానికి ఒక పద్ధతి ఉంది. ఆనిమేషన్‌లో ఒకే బొమ్మని తరచుగా రెండు మూడు ఫ్రేముల పాటు ఉంచుతారు. సెల్ మీద నలుసుంటే అది కూడా అన్ని ఫ్రేముల్లోనూ అదే చోట కూర్చుని ఉంటుంది, సెల్ పక్కకి జరిగితే దానితోపాటు జరుగుతుంది. ఫిల్మ్ మీది దుమ్ము మాత్రం ఒక్క ఫ్రేములో మెరిసి పోతుంది. రంగు కూడా చెబుతుంది. నెగటివ్ మీద ఉన్న దుమ్ము పాజిటివ్‌లో తెల్ల చుక్కగా అచ్చవుతుంది. పాజిటివ్ మీదే ఉన్న దుమ్ము నల్లగా కనిపిస్తుంది.

ఫిల్మ్ మీది దుమ్ముని తీసేయాల్సిందే, అందులో వాదన లేదు. సెల్ మీది నలుసు విషయంలోనే ఈ వృత్తిలో వాళ్లు రెండుగా చీలిపోతారు. అది కెమెరా ముందు ఉన్నదే కాబట్టి కథ నుంచి కన్ను లాగేస్తే తప్ప వదిలేయాలని నా అభిప్రాయం.

ఆటోమేటిక్ క్లీనప్ సాఫ్ట్‌వేర్‌కి ఈ తేడాలేవీ తెలియవు. అది ముందు ఫ్రేమునీ వెనక ఫ్రేమునీ చూసి, మధ్యలో మాత్రమే ఉన్నదాన్ని దుమ్ము అనుకుంటుంది. నటులతో తీసిన సినిమాలో ఈ లెక్క చాలావరకు పనిచేస్తుంది. ఆనిమేషన్‌లో నిప్పురవ్వ, గాజుముక్క, వాన చినుకు ఒక్క ఫ్రేము కోసమే గీసి ఉండవచ్చు. అకీరాలో గాజు పగలని, ఏదో ఒకటి పేలని రీలు లేదు. అలాంటి షాట్‌ని యంత్రానికి అప్పగిస్తే ఆర్టిస్టు గీసినదాన్నే తుడిచేస్తుంది. పాత అమెరికన్ కార్టూన్ల డిస్కుల్లో ఇలాంటి నాయిస్ తగ్గింపు వల్ల పాత్రల గీతలు తెగిపోయి, కొన్ని చోట్ల మాయమైపోయి కలెక్టర్లు గోల పెట్టారు. వాళ్లు గోల పెట్టడం న్యాయమే. మీ దగ్గర ఏ ఆనిమే డిస్క్ ఉన్నా, గాజు పగిలే షాట్‌ని ఒక్కో ఫ్రేముగా జరిపి చూడండి. ముక్కలు మధ్యలో సగం మాయమై మళ్లీ కనబడితే ఆ పని సరిగా జరగలేదని అర్థం.

అపోహ: అకీరాని 70 ఎంఎంలో తీశారు, 4కె అందుకే బాగుంది.

వాస్తవం: తీసింది 35 ఎంఎంలో. థియేటర్ల కోసం కొన్ని ప్రింట్లని 70 ఎంఎంకి పెంచి అచ్చువేశారు. పెంచినంత మాత్రాన వివరం పెరగదు.

అపోహ: ఈ సినిమా అంతా సెకనుకి 24 బొమ్మలతో గీశారు.

వాస్తవం: ఫిల్మ్ నడిచేది సెకనుకి 24 ఫ్రేములే, కానీ ప్రతి ఫ్రేముకీ కొత్త బొమ్మ లేదు. కొన్ని షాట్లలో ఉంది, చాలా షాట్లలో ఒక్కో బొమ్మ రెండు ఫ్రేములు ఉంటుంది. పాజ్ చేసి ఒక్కో ఫ్రేము జరిపితే మీరే చూడొచ్చు. దీనివల్ల సినిమా విలువ ఏమీ తగ్గదు. బరువుగా కదలాల్సినదానికి ఒక లయ, దూసుకుపోవాల్సినదానికి ఒక లయ ఎంచుకున్నారు.

అందుకే మీ టీవీలో మోషన్ స్మూతింగ్ ఆపేయమని బతిమాలి చెబుతాను. ఒక్కో కంపెనీ దానికి ఒక్కో పేరు పెడుతుంది. అది ఫ్రేములకి మధ్య లేని బొమ్మల్ని సొంతంగా కల్పిస్తుంది. గీసిన బొమ్మల మీద దాని లెక్క ఇంకా తప్పుతుంది, చేతి వేళ్ల అంచులు నీళ్లలో చూసినట్టు వణుకుతాయి. సెట్టింగ్స్‌లో ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే అది పెట్టుకోండి.

అపోహ: 1988 సినిమాకి హెచ్‌డీఆర్ (వెలుగునీడల పరిధిని పెంచి చూపే పద్ధతి) ఏమిటి, అది అతికించిన మెరుపు.

వాస్తవం: కొన్ని డిస్కుల్లో నిజంగానే అతికిస్తారు, అనుమానం పుట్టడం సహజం. కానీ ఫిల్మ్ పట్టుకునే వెలుగునీడల పరిధి పాత బ్లూరే చూపించగలిగిన దానికంటే ఎక్కువ. మామూలు బ్లూరేకి 8 బిట్ రంగు, గ్రేడింగ్ (రంగులు, వెలుగు సరిచేయడం) చేసే ప్రమాణం 100 నిట్స్, నిట్ అంటే తెర వెలుగుకి కొలత. హెచ్‌డీఆర్ డిస్కుకి 10 బిట్ రంగు, గ్రేడింగ్ మానిటర్ తరచుగా 1,000 నిట్స్.

అకీరాకి ఇది మరీ నప్పడానికి కారణం ఉంది. సెల్ ఆనిమేషన్‌లో దీపాల్ని రంగుతో వేస్తే వెలగవు. అందుకని దీపం ఆకారం తప్ప మిగతాదంతా నల్లగా మూసి, కింద నుంచి బల్బు వెలిగించి, అదే ఫిల్మ్‌ని వెనక్కి తిప్పి రెండోసారి ఎక్స్‌పోజ్ చేసేవారు. బైకుల ఎర్ర టెయిల్ లైట్లు, నగరంలోని నియాన్ బోర్డులు అలా వచ్చాయి. అంటే ఫిల్మ్ మీద ఉన్నది బల్బులోంచి వచ్చిన అసలు వెలుతురు. అది రంగు కంటే పైన మెరవడం న్యాయమే. మెరవాల్సింది మాత్రం అదొక్కటే. కథానాయకుడు కనేడా జాకెట్టు ఎరుపు, బైకు ఎరుపు మామూలు రంగులు, అవి కూడా దీపాల్లా వెలిగితే గ్రేడింగ్ చేసినవాళ్లు దారి తప్పినట్టే.

"హెచ్‌డీఆర్ పెడితే సినిమా చీకటిగా ఉంది, డిస్క్ పాడైందా?" అని కూడా అడుగుతారు. ఇది చాలావరకు రాత్రి జరిగే కథ. గదిలో ట్యూబ్‌లైట్ ఆపి చూడండి.

అపోహ: డాల్బీ అట్మాస్ (తల పైనుంచి కూడా శబ్దం వినిపించే పద్ధతి) లేదంటే సౌండ్ పాతదే.

వాస్తవం: అకీరా సంగీతం గెయినో యమాషిరోగుమి బృందానిది. దాని నాయకుడు షోజి యమాషిరో అసలు పేరు త్సుతోము ఓహాషి, ఆయన శాస్త్రవేత్త కూడా. బాలి ద్వీపపు గామెలాన్ వాద్యాలు, వెదురు వాద్యాలు, జపాన్ నో నాటకాల గానం కలిపి ఈ సంగీతం కట్టారు. గామెలాన్ కంచు మోతలో మన చెవికి అందే 20 కిలోహెర్ట్జ్ దాటిన ధ్వని కూడా ఉంటుంది. అది చెవికి వినబడకపోయినా మెదడు మీద ప్రభావం చూపుతుందని ఓహాషి బృందం 2000లో పరిశోధనా పత్రం ప్రచురించింది. దీన్ని అందరూ ఒప్పుకోలేదు, వాదన ఇంకా నడుస్తూనే ఉంది. కానీ ఈ నమ్మకం వల్లే 2009 బ్లూరేలోనూ 4కెలోనూ జపనీస్ ట్రాక్‌ని 192 కిలోహెర్ట్జ్, 24 బిట్, 5.1 చానళ్లలో ఇచ్చారు. 4కె కోసం మిక్స్ మళ్లీ చేశారు, అదీ యమాషిరో పర్యవేక్షణలోనే. స్వరకర్త స్వయంగా కూర్చుని ఎంచుకున్న దారి అది. అట్మాస్ లోగో లేదని దాన్ని తక్కువ చేయడం నాకు నచ్చదు.

ఇంకో మాట. ఈ సినిమాకి నటుల గొంతులు ముందు రికార్డు చేసి, ఆ తర్వాత పెదవులు గీశారు. జపాన్‌లో మామూలుగా జరిగేది దానికి తిరగేసి. ఇంగ్లిష్ డబ్బింగులు 1989లో ఒకటి, 2001లో ఒకటి వచ్చాయి. వాటి మీద ఇష్టం ఉన్నవాళ్లు వినొచ్చు, కానీ ఒక్కసారైనా జపనీస్‌లో చూడండి.

అపోహ: దర్శకుడే తర్వాత మార్చాడు కాబట్టి కొత్త వెర్షనే అసలు సినిమా.

వాస్తవం: మమోరు ఓషీ అనే మరో ఆనిమే దర్శకుడు 1995లో "ఘోస్ట్ ఇన్ ద షెల్" తీశారు. 2008లో ఆయనే కొన్ని షాట్లని కంప్యూటర్ గ్రాఫిక్స్‌తో మార్చి, ఆకుపచ్చ ఛాయని నారింజ వైపు తిప్పి, 2.0 పేరుతో మళ్లీ విడుదల చేశారు. ఆయనకి ఆ హక్కు ఉంది. కానీ అది రిస్టొరేషన్ కాదు, మరో వెర్షన్. 2010లో "మాయాబజార్"కి రంగులద్దినప్పుడు మన దగ్గరా ఇదే చర్చ నడిచింది. రంగుల ప్రింటుని ఇష్టపడినవాళ్ల మీద నాకు ఫిర్యాదు లేదు, 1957 నాటి నలుపు తెలుపు ప్రింటు కూడా బాగా దొరుకుతూ ఉండాలని మాత్రమే నా పట్టుదల. కలెక్టర్ ఎడిషన్ కొనేటప్పుడు పెట్టె వెనక ఏ వెర్షన్ ఉందో చదవండి.

అపోహ: ఓటీటీలో 4కె అని రాసి ఉంది, డిస్కూ అదీ ఒకటే.

వాస్తవం: పిక్సెళ్ల లెక్క ఒకటే, డేటా వేరు. 100 జీబీ డిస్క్ నుంచి సెకనుకి 128 మెగాబిట్ల దాకా చదవొచ్చు. 4కె చూడటానికి నెట్‌ఫ్లిక్స్ అడిగే ఇంటర్నెట్ వేగం 15 మెగాబిట్లు. ఆ కొరత ముందు తగిలేది గ్రెయిన్‌కే. ప్రతి ఫ్రేములో మారిపోయే చుక్కల్ని దాచడానికి డేటా ఎక్కువ పడుతుంది, అందుకే స్ట్రీమింగ్‌లో అవి గడులు గడులుగా అతుక్కుపోతాయి.

అపోహ: జపాన్ డిస్క్ మన ప్లేయర్‌లో ఆడదు.

వాస్తవం: 4కె అల్ట్రా హెచ్‌డీ డిస్కులకు రీజియన్ కోడ్ (ఏ ప్రాంతపు ప్లేయర్‌లో ఆడాలో నిర్ణయించే గుర్తు) లేదు. పెట్టెలో దానితోపాటు వచ్చే మామూలు బ్లూరేకి ఉండొచ్చు. జపాన్, అమెరికా రీజియన్ ఏ, బ్రిటన్ బీ, మనది సీ. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకి జపాన్ పెట్టెలోని రెండూ ఆడతాయి. హైదరాబాద్‌లో కొన్న ప్లేయర్‌లో 4కె డిస్క్ ఆడి, బ్లూరే మొరాయించవచ్చు.

అపోహ: సీలు విప్పకుండా దాచుకుంటేనే విలువ.

వాస్తవం: అమ్ముకోవడానికే కొంటే మీ ఇష్టం. చూడటానికి కొన్నవాళ్లు మాత్రం రిటర్న్ గడువు ముగిసేలోగా విప్పి, మొదటి నుంచి చివరిదాకా ఒకసారి వేసి చూడాలి. 100 జీబీ డిస్కులో మూడు పొరలుంటాయి. లోపమున్న డిస్కు గానీ, వేలిముద్ర పడిన డిస్కు గానీ ఎక్కువగా పొర మారే చోట ఆగుతుంది, మొదటి పది నిమిషాల్లో బయటపడదు. డేటా ఉన్న పొర డిస్కు ఉపరితలానికి కేవలం 0.1 మిల్లీమీటరు లోపల ఉంటుంది. తుడవాల్సి వస్తే మెత్తటి బట్టతో మధ్య నుంచి అంచుకి తిన్నగా తుడవండి, గుండ్రంగా కాదు. విశాఖ, కాకినాడ లాంటి తీర ప్రాంతాల్లో ఉండేవాళ్లకి డిస్కు కంటే లోపలి పుస్తకానికే ముప్పు ఎక్కువ. ప్లాస్టిక్ సీలు లోపల తేమ చిక్కుకుంటే ఆర్ట్ పేపర్ పేజీలు ఒకదానికొకటి అంటుకుపోతాయి. సీలు తీసేసి, పెట్టెని గోడకి ఆనించకుండా నిలువుగా పెట్టి, పక్కన సిలికా జెల్ పొట్లం ఉంచి, వర్షాకాలంలో అప్పుడప్పుడు మార్చండి.