కడిగించని రీలులో ఏముంటుంది?

అనంతపురం నుంచి ఒక పాఠకుడు అడిగారు: "మా నాన్న యాషికా కెమెరాలో నలభై ఏళ్ల కిందటి ఇందు ఫిల్ము అట్లాగే ఉండిపోయింది. ఇప్పుడు కడిగిస్తే బొమ్మలు వస్తాయా?" ఇందు అంటే మన దేశంలో తయారైన బ్లాక్ అండ్ వైట్ ఫిల్ము. బొమ్మలు రావచ్చు. వచ్చేదీ రానిదీ తేల్చేది నాలుగే నాలుగు వెండి పరమాణువులు!

ఫిల్ము మీది జెలటిన్ పూతలో సిల్వర్ బ్రోమైడ్ రేణువులు కోట్లలో ఉంటాయి. వెలుతురు తగిలితే బ్రోమైడ్ అయాన్ నుంచి ఒక ఎలక్ట్రాన్ ఊడి, స్ఫటికంలో లోపమున్న చోట చిక్కుకుంటుంది. వెండి అయాన్ అక్కడికి చేరి, దాన్ని అందుకుని పరమాణువు అవుతుంది. ఒంటరి పరమాణువు నిలవదు, క్షణాల్లో మళ్లీ అయాన్ అయిపోతుంది. కడిగినప్పుడు బొమ్మగా తేలాలంటే కనీసం నాలుగు ఒకచోట చేరాలి. ఇదెలా జరుగుతుందో 1938లో గర్నీ, మాట్ అనే భౌతిక శాస్త్రవేత్తలు వివరించారు. సిల్వర్ బ్రోమైడ్ ఎండలో బూడిదరంగుకు మారుతుందని పదో తరగతిలో సమీకరణం బట్టీ పట్టిస్తాం గానీ, ఈ నాలుగింటి సంగతి చెప్పం. చెబితే పిల్లలు కెమిస్ట్రీని వదిలిపెడతారా?

ఆ నాలుగింటి గుంపే పాలలో వేసే తోడు లాంటిది. ఒక్కో రేణువూ విడి విడి పాలగిన్నె. ఫిల్ము కడిగే ద్రావణమైన డెవలపర్‌లోని మెటాల్, హైడ్రోక్వినోన్ అనే రసాయనాలు ఎలక్ట్రాన్లు ఇస్తుంటే, తోడు పడిన గిన్నెలో కోట్లకొద్దీ అయాన్లు మొత్తం నల్లటి వెండిగా పేరుకుంటాయి. తోడు పడని పక్క గిన్నెలో పాలు పాలుగానే ఉంటాయి. ఆ రేణువులను హైపో అనే ఫిక్సర్ కరిగించి తీసేస్తుంది.

ఇక ఎండల సంగతి. మే నెలలో అనంతపురంలో 40 డిగ్రీలు దాటుతుంది. స్లాబు కింద ఇనుప బీరువాలో ఇంకా ఎక్కువే. గాలీ తేమా కలిసి ఆ నాలుగింటిలో ఒకటో రెండో తినేస్తే తోడు చచ్చినట్టే. మరోవైపు వేడికి, కాస్మిక్ కిరణాలకు తోడు వేయని పాలు కూడా పులిసిపోతాయి. ఫిల్ము అంతా కమ్ముకునే మసక అదే. చలి ఎంత కాపాడుతుందో చూడండి: 1897లో ఆర్కిటిక్‌కు బెలూన్‌లో వెళ్లి చనిపోయిన ఆంద్రే బృందం ఫిల్ములు 1930లో మంచులో దొరికితే, 93 బొమ్మలు దక్కాయి!

ఫోటో దిగితే ఆయుష్షు తగ్గుతుందని భయపడి కెమెరా ముందుకే రాని అవ్వలు మన ఊళ్లలో ఉండేవారు. అలాంటి మనిషి ఏ పెళ్లి గుంపులోనో పడిన ఒకే ఒక్క బొమ్మ ఈ రీలులో ఉండొచ్చు. అందుకే తొందరపడొద్దు.

కెమెరా వెనక మూత తీయకుండా ముందు రీలు వెనక్కి చుట్టండి. కలర్ ల్యాబుకు మాత్రం ఇవ్వొద్దు. కలర్ ఫిల్ములు కడిగే సి-41 పద్ధతిలో బ్లీచ్ బొమ్మలోని వెండిని మళ్లీ లవణంగా మారుస్తుంది, ఫిక్సర్ దాన్ని కరిగిస్తుంది, చేతికి ఖాళీ పట్టీ వస్తుంది. బ్లాక్ అండ్ వైట్ చేత్తో కడిగేవారికే ఇచ్చి, డెవలపర్‌లో కొంచెం పొటాషియం బ్రోమైడ్ కలపమనండి. తోడు లేని రేణువులను అది ఎక్కువగా అదుపు చేస్తుంది. ముందుగా చీకట్లో చివరి ముక్క కత్తిరించి కడిగి, మసక ఎంతుందో చూశాకే మిగతాది.