పోలాండ్ సిండ్రోమ్: పుట్టుకతోనే లేని ఛాతీ కండరం, చుట్టూ అల్లుకున్న అపోహలు

అపోహ: ఒకవైపు ఛాతీ అణిగినట్టుంటే అక్కడ కండరం బలహీనంగా ఉందని అర్థం, జిమ్‌కి వెళ్తే అదే పెరుగుతుంది.

పెరగదండీ. పోలాండ్ సిండ్రోమ్‌లో ఛాతీ పెద్ద కండరంలోని ముఖ్య భాగం, అంటే రొమ్ము ఎముకకూ పక్కటెముకలకూ అంటుకుని ఉండాల్సినది, అసలు ఏర్పడదు. ఫిజియోథెరపిస్టుగా నేను మొదట చేయించే పరీక్ష ఒకటుంది: రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని గట్టిగా లోపలికి నొక్కమంటాను. మామూలు వైపు చంక ముందు కండరం బిగుసుకుని పైకి లేస్తుంది, వేళ్లతో పట్టుకోవచ్చు. రెండోవైపు పట్టుకుంటే చర్మం, దాని కింద కాస్త కొవ్వు, అంతే. లేని కండరం కోసం ఏళ్ల తరబడి పుషప్స్ తీస్తే ఉన్నవైపే పెరిగి తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఆ కుర్రాళ్లు "నేను సరిగ్గా చెయ్యట్లేదేమో" అని తమనే తిట్టుకోవడం చూస్తే నాకు చాలా బాధేస్తుంది.

అలాగని చెయ్యి పనికిరాదనుకోకండి. భుజం, వీపు కండరాలు చాలావరకు ఆ లోటు పూడుస్తాయి, చాలామంది ఆటలు కూడా బాగానే ఆడతారు. వ్యాయామం అవసరమే, కాకపోతే వాటి బలం కోసం.

"కడుపుతో ఉన్నప్పుడు నేనేం తప్పు చేశాను?" అని తల్లులు అడుగుతారు. ఏమీ చెయ్యలేదమ్మా. గర్భంలో ఆరో వారం ప్రాంతంలో కాలర్ బోన్ కింది రక్తనాళంలో ప్రవాహం తగ్గడం వల్ల ఇలా జరుగుతుందని ఎక్కువమంది నిపుణులు భావిస్తారు. చాలా కుటుంబాల్లో ఇది ఒక్కరికే ఉంటుంది.

ఇది ఛాతీకే పరిమితం అనుకోవడమూ పొరపాటే. లండన్‌లో వైద్య విద్యార్థిగా ఉన్న ఆల్ఫ్రెడ్ పోలాండ్ 1841లో పరిశీలించి వివరించిన మృతదేహంలోనే కండరాల లోపంతో పాటు అదే వైపు చేతివేళ్లు పొట్టిగా, కలిసిపోయి ఉన్నాయి. అందుకే పసిబిడ్డకు వేళ్లు అతుక్కుని ఉంటే చొక్కా విప్పి ఛాతీ కూడా చూడాలి. ఆడపిల్లల్లో అయితే యుక్తవయసులో ఒకవైపు రొమ్ము పెరగనప్పుడే బయటపడొచ్చు, సిగ్గుతో ఎవరికీ చెప్పరు, వదులు బట్టల్లో దాచుకుంటారు. అమ్మలే మెల్లగా అడగాలి.

ఆపరేషన్ అందరికీ అక్కర్లేదు. వేళ్లు విడదీయడం చిన్నప్పుడే చేస్తారు, ఛాతీ ఆకారం సరిచేయడానికి మాత్రం సాధారణంగా ఎదుగుదల పూర్తయ్యేదాకా ఆగుతారు. వీపు కండరాన్ని ముందుకు తిప్పడం, సిలికాన్ ఇంప్లాంట్, కొవ్వు ఎక్కించడం, ఇలా దారులున్నాయి. కొందరిలో ఆ వీపు కండరం కూడా సరిగ్గా ఉండదు, కాబట్టి ఏ పద్ధతో ఖాయం చేసుకునే ముందే దాన్ని పరీక్ష చేయించుకోండి.