మనసు మొద్దుబారిపోయిందా సిస్టరూ? కంపాషన్ ఫెటీగ్ మీద అపోహలు, వాస్తవాలు

ఆంధ్రా-ఒడిశా సరిహద్దులో పర్లాకిమిడి వైపు ఒక ఆసుపత్రిలో 16 ఏళ్లుగా స్టాఫ్ నర్సుని, అందులో 7 ఏళ్లు ఎస్ఎన్‌సీయూలోనే, అంటే నెలలు నిండని వాళ్లు, బరువు తక్కువ వాళ్లు, పుట్టగానే ఏడవని వాళ్లు ఉండే వార్డు. కంపాషన్ ఫెటీగ్, అంటే ఎదుటివాళ్ల బాధ చూసి చూసి మనసు అలిసి మొద్దుబారిపోవడం, దాని గురించి మా స్టాఫ్ రూంలో వినిపించే మాటలు రాస్తున్నా, వీటిలో సగం ఒకప్పుడు నేను అన్నవే.

అపోహ: మనసు లేనివాళ్లే అలా మొద్దుబారిపోతారు

పట్టించుకోని వాళ్లకి అలిసిపోడానికి ఏముంటుంది అసలు. ఒకసారి తెల్లారగట్ల ఒక బిడ్డ పోయింది, కేజీ కూడా లేదు. కొండ మీద ఊరు నుంచి నాయనమ్మ వచ్చింది, నేను రిజిస్టర్ ముందుకి తోసి ఇంకు ప్యాడ్ తెరిచి "ఇక్కడ వేలు పెట్టమ్మా" అన్నా, మొహం చూళ్లేదు. ఆవిడ ముద్ర వేసి ఆ నీలం ఇంకు కొంగుకి తుడుచుకుంటూ బిడ్డ ఊలు టోపీ ఇచ్చెయ్యమని సైగ చేసింది. అప్పుడు నా బుర్రలో ఉన్నది ఒక్కటే, వార్మర్ (బిడ్డని వెచ్చగా ఉంచే మంచం) ఖాళీ అయింది, ఇంకో బిడ్డని పంపమని లేబర్ రూంకి ఫోన్ చెయ్యాలి అని. ఇంటికెళ్లి అన్నం ముందు కూర్చుంటే ఆ కొంగు మీద మరకే కనిపించింది, ముద్ద దిగలేదు. నేను మనిషినేనా అనుకున్నా. దీనికో పేరుందని, 1992లోనే కార్లా జాయిన్సన్ అనే ఆవిడ మనలాంటి నర్సుల గురించే ఆ పేరుతో రాసిందని చాన్నాళ్లకి తెలిసింది.

అపోహ: బర్నౌట్, ఇదీ ఒకటే

చుట్టాలే గానీ ఒకటి కాదు. బర్నౌట్ పని భారం వల్ల వచ్చే అలుపు, డబుల్ డ్యూటీలు, రిజిస్టర్లు, సరిపడా స్టాఫ్ లేకపోవడం, అది బ్యాంకు గుమస్తాకి కూడా వస్తుంది (డబ్ల్యూహెచ్‌వో 2019లో తన జబ్బుల జాబితా ఐసీడీ-11లో దాన్ని జబ్బు అనలేదు, పనికి సంబంధించిన పరిస్థితి అంది). కంపాషన్ ఫెటీగ్ మాత్రం అవతలివాళ్ల బాధని రోజూ దగ్గర్నుంచి చూసి చూసి వచ్చేది, ఒక్కోసారి ఒక్క కేసుతోనే పట్టుకుంటుంది. మా దగ్గర చాలామందికి రెండూ ఉన్నాయి అనుకోండి.

అపోహ: లీవు పెడితే పోతుంది

పెట్టా, పది రోజులు. నిద్ర తీరింది. మూడో నైట్ డ్యూటీకి మళ్లీ మామూలే.

అపోహ: అటాచ్ అవ్వకు, దూరంగా ఉండు

నేను చేరిన వారంలోనే మా సీనియర్ అక్క ఇచ్చిన సలహా. కానీ క్లిమెకీ, టానియా సింగర్ అనే మెదడు పరిశోధకులు 2014లో వేసిన పేపర్ చూస్తే వేరేలా ఉంది, ఎదుటివాళ్ల బాధని తమ బాధలా మోయడం నేర్పితే జనం కుంగిపోయారంట, తర్వాత అదే మనుషులకి ఎదుటివాళ్ల మేలు కోరుతూ పక్కన నిలబడ్డం నేర్పితే తేరుకున్నారంట. అంటే అలుపు కరుణ వల్ల కాదు, బాధ మింగెయ్యడం వల్ల. ఇప్పుడు ఆ తల్లి పక్కన కూర్చుంటా, చెయ్యి పట్టుకుంటా, దూరంగా ఉన్న రోజులకన్నా ఇదే నయం.

అపోహ: యోగా, ధ్యానం చాలు

ధ్యానం మీద నాకేం కోపం లేదు గానీ ఆరు నైట్లు వరసగా వేయించి శ్వాస మీద ధ్యాస పెట్టమంటే ధ్యాస నిద్ర మీదకి పోతుంది. ముందు రోస్టర్ మారాలి, చావులు ఎక్కువుండే వార్డులో ఒకే మనిషిని ఏళ్లకేళ్లు ఉంచకూడదు. మీ పరిస్థితి చూసుకోవాలంటే ప్రోక్వాల్ అని 30 ప్రశ్నల ఫారం ఉంది, గడిచిన 30 రోజుల మీద, ఉచితం, జబ్బు తేల్చే టెస్టు మాత్రం కాదు. నిద్రలో కూడా మానిటర్ అలారం వినిపిస్తున్నా, ఇంట్లో గుంటకి జ్వరమొస్తే "ఏం కాదులే" అని విసుక్కుంటున్నా టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి చెయ్యండి, 2022లో మొదలైంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగు, ఒడియా రెండూ మాట్లాడతారు. పిచ్చి అని ఎవరో అనుకుంటారని ఆగకండి.

అపోహ: ఇది డాక్టర్లకి, నర్సులకే

మా వార్డులో సవర భాష (ఇక్కడి కొండ మీద జనం మాట్లాడేది) వచ్చిన ఆయా ఉంది, అందరం పిన్ని అంటాం. జీతం ఊడవడానికి, పని మాత్రం భాషతోనే. డాక్టరు ఒడియాలో "బతకలేదని చెప్పు" అని వెళ్లిపోతారు, తల్లికి ఆ మాట చెప్పే నోరు పిన్నిది, అందుకే తల్లి పట్టుకుని ఏడ్చేదీ పిన్నినే. కొన్నాళ్లుగా పిలిస్తే బాత్రూంలోకి పోయేది, పనిదొంగ అని మేమే తిట్టాం. ఒకరోజు అంది, "సిస్టరమ్మా, ఆ ముక్క నోట్లోనే ఉండిపోతంది, తమలపాకు నమిల్నా పోదు."

అప్పట్నుంచి కొన్ని మార్చుకున్నాం. చెప్పేటప్పుడు డాక్టరు పక్కనే కూర్చోవాలి, చెప్పాక పావుగంట పిన్నికి ఏ పనీ చెప్పకూడదు, టీ మా ఖాతాలో. బిడ్డ పోతే ఒక నిమిషం అందరం మాట్లాడకుండా నిలబడతాం, ఇది జొనాథన్ బార్టెల్స్ అనే అమెరికా నర్సు మొదలుపెట్టిన పద్ధతి. ఆ నిమిషంలో పిన్ని తన భాషలో ఏదో గొణుక్కుంటుంది, ఏంటని మేం అడగలేదు. కొత్తగా వచ్చిన డాక్టరు బాబు కూర్చుంటున్నాడు గానీ ఫోన్ చూస్తున్నాడు, అదొకటి మానిపించాలి.