మినిట్స్ పుస్తకంలో ఒక్క మాట: కావేరి అర్జీ వెనక ఏడేళ్లు

బెంగళూరులో మహదేవపుర వైపున్న మా అపార్ట్‌మెంట్‌లో కావేరి కనెక్షన్ గొడవ మళ్లీ రాజుకుంది. వాటర్ బోర్డు నుంచి డిమాండ్ నోటు వచ్చింది. ఎవరి వాటా ఎంతన్న దగ్గర గత ఆదివారం మీటింగ్ ఆగిపోయింది. ఫ్లాటుకింతని సమానంగా వేసుకోవాలని కొందరు, చదరపు అడుగుల లెక్కన వేసుకోవాలని కొందరు. పైకి డబ్బు తగాదాలాగే ఉంది. కానీ 2018 నాటి ఒక అర్జీ సంగతి తెలియకపోతే ఈ కోపాలు ఎక్కడివో అర్థం కావు. కొత్తగా ఫ్లాట్లు కొనుక్కుని వచ్చినవాళ్ల కోసం రాస్తున్నాను. ఆ అర్జీ మీద సంతకం పెట్టిన 31 మందిలో నేనూ ఒకణ్ణి.

నగరానికి మొదట్లో నీళ్లిచ్చిన హెసరఘట్ట చెరువు దగ్గర్నుంచి మొదలుపెట్టక్కర్లేదు. మనకు కావాల్సింది 2007. ఆ ఏడాది జనవరిలో చుట్టుపక్కల 110 గ్రామాలను కలుపుకుని బీబీఎంపీ, అంటే బెంగళూరు మహానగర పాలిక, ఏర్పడింది. మా ఊరు అందులో ఒకటి. మరుసటి నెలలోనే రాష్ట్రాలకు నీళ్లు పంచే కావేరి ట్రిబ్యునల్ తీర్పు వచ్చింది. బెంగళూరులో మూడో వంతే కావేరి పరీవాహకంలో ఉందని, తాగునీటి లెక్క ఆ మేరకే కట్టారు. నగరం మా గడప దాకా వచ్చిందిగానీ దానికి నీళ్లు మాత్రం లెక్కలోకి రాలేదు. 2018 ఫిబ్రవరి 16న సుప్రీంకోర్టు దీన్ని సరిదిద్దింది. కర్ణాటకకు అదనంగా ఇచ్చిన 14.75 టీఎంసీల్లో 4.75 టీఎంసీలు బెంగళూరు తాగునీటికేనని చెప్పింది.

ఆ వార్త వచ్చిన వారంలోపే సార్ మా తలుపు తట్టారు. హిందూపురం నుంచి వచ్చి కొడుకు దగ్గర స్థిరపడిన రిటైర్డు లెక్చరర్ ఆయన. అపార్ట్‌మెంట్ అంతా ‘సార్’ అనే పిలుస్తుంది. చేతిలో రెండు పేజీల అర్జీ. పైపు వచ్చిన రోజున అందరం తలా ఒకటి ఆలోచిస్తూ కూర్చోకుండా, కమిటీ ఇప్పటినుంచే కావేరి నిధి అని విడిగా డబ్బు జమ చేయాలన్నది దాని సారాంశం. ఖర్చు ఫ్లాటుకు సమానంగా వేసుకుందామని రాశారు. అప్పట్లో ట్యాంకర్ బిల్లు కూడా అలాగే పంచుకునేవాళ్లం. ఆయనది రెండు పడగ్గదుల ఇల్లు, సమానమంటే ఆయనకే నష్టం. అయినా పెద్ద ఫ్లాట్లవాళ్లు కూడా కలిసొస్తారని అలా పెట్టారు. 48 ఇళ్లలో 31 సంతకాలు పడ్డాయి.

ఆ కాగితం మొన్న మళ్లీ చూశాను. స్టేపుల్ పిన్ను తుప్పు పట్టి మొదటి మూడు సంతకాల మీద గోధుమరంగు మరక దిగింది. పై మూల అప్పటి సెక్రటరీ పొడి అక్షరాలు, తేదీ, కింద ‘అందింది’ అన్న మాట. అందినట్టు అంత స్పష్టంగా ఉంది.

నా దృష్టిలో అసలు మలుపు తీర్పు కాదు, తర్వాత వచ్చిన కరువూ కాదు. 2019 జులైలో జరిగిన జనరల్ బాడీ. సార్ లేచి తన అర్జీ ఏమైందని అడిగారు. వెనక వరసలోంచి ఎవరో “మళ్లీ అదేనా అంకుల్, ముందు పైపు రానీండి” అన్నారు. నలుగురు నవ్వారు. మినిట్స్ పుస్తకంలో ‘కావేరి విషయం పెండింగ్‌లో ఉంచడమైనది’ అని ఒక్క వాక్యం రాసి తర్వాతి అంశానికి వెళ్లిపోయారు. అది పార్కింగ్ గీతల సంగతి, దాని మీద గంటసేపు మాట్లాడారు. పెండింగ్ ఎందుకు, ఎప్పటిదాకా, మళ్లీ ఎవరు చూడాలి, ఏదీ రాయలేదు. ఆ రోజు తర్వాత సార్ మళ్లీ అడగలేదు.

ప్రభుత్వ ఆఫీసులోనైతే ఇంతకంటే నయం. సమాచార హక్కు కింద అడిగితే 30 రోజుల గడువుంది, అది దాటితే అప్పీలుంది. కర్ణాటకలో 2012 నుంచి సకాల అని, ప్రభుత్వ సేవలు గడువులోగా అందించాలనే చట్టం అమల్లో ఉంది. అర్జీకి నంబరిస్తారు, గడువు చెబుతారు, ఆలస్యానికి రోజుకు 20 రూపాయల చొప్పున 500 దాకా పరిహారం కూడా అడగొచ్చు. ఇరుగుపొరుగు కమిటీల్లో అవేవీ ఉండవు. కాదనని, ఔననని అర్జీ ఒకటి అల్మరాలో పడి ఉంటే దాన్ని కాపాడేది మనుషుల మర్యాదే.

2024 మార్చి సంగతి అందరికీ గుర్తుంది. మా రెండు బోర్లూ ఎండిపోయాయి. 6,000 లీటర్ల ట్యాంకర్ 5 కిలోమీటర్లలోపు 600 రూపాయలకే ఇవ్వాలని జిల్లా యంత్రాంగం ధర కట్టింది. ఆ ధరకు మా గేటు దాకా ఒక్కటీ రాలేదు. కావేరి నిధి ఉండి ఉంటే ఆరేళ్ల సొమ్ము చేతిలో ఉండేది. అదే ఏడాది అక్టోబరు 16న కావేరి నీటి పథకం ఐదో దశ ప్రారంభమైంది. రోజుకు 77.5 కోట్ల లీటర్లు, ముఖ్యంగా మా 110 గ్రామాల కోసం.

అప్పుడు కొత్త కమిటీ కదిలింది. విజయవాడ నుంచి వచ్చిన ఒక ఐటీ కుర్రాడు చొరవ తీసుకుని కొత్తగా అర్జీ తయారుచేశాడు, సంతకాలు తీసుకున్నాడు, బోర్డు చుట్టూ తిరిగాడు. ఆ తిరుగుడు చిన్నది కాదు, ఆ మేరకు అందరం అతనికి రుణపడ్డాం. అతను చెప్పేది ఇది: బోర్డు ప్రో రేటా ఛార్జీ వేసేదే కట్టడం విస్తీర్ణాన్ని బట్టి, కనుక వాటాలూ అలాగే ఉండాలి, పాత కాగితం ఉందని తనకు తెలియదు. తెలియదన్నది నేను నమ్ముతాను. కానీ అల్మరా తాళం కమిటీ దగ్గరే ఉంది, మినిట్స్ పుస్తకం అందులోనే ఉంది.

పెద్ద ఫ్లాట్లవాళ్లు ఇప్పుడు 2018 అర్జీని బయటికి లాగి, “మేం సంతకం పెట్టింది సమానానికి” అంటున్నారు. వాళ్లలో ఇద్దరు 2019లో నవ్వినవాళ్లే. కొత్త లెక్క నడిస్తే సార్‌కు కొన్ని వేలు మిగులుతాయి. ఆయన మాత్రం ఏ పక్షానా చేరలేదు. మొన్న సాయంత్రం వాళ్లింట్లో కూర్చుంటే అన్నారు: “చదరపు అడుగులే న్యాయమేమోప్పా. అయితే ఆ 31 మందికీ నేను మాటిచ్చి సంతకం తీసుకుంటిని. ఆ మాట మారుస్తున్నామని వాళ్లకు ఒకరు చెప్పల్ల కదా. నన్ను అడగకపోయినా పర్వాలేదు, వాళ్లనన్నా అడగల్ల.”

పాత అర్జీని తిరిగి తెరిచే పద్ధతి ఆయన మాటల్లోనే ఉంది. మొదట పెట్టిన మనిషి ఇంటికి వెళ్లి, అయ్యా మీ కాగితం ముందుకు తీసుకెళ్తున్నాం, మీరు వస్తారా, మమ్మల్ని చూసుకోమంటారా అని అడగాలి. ఆ కాగితాన్నే పైన పెట్టి, అప్పటికీ ఇప్పటికీ ఏం మారిందో మీటింగ్‌లో చదివి వినిపించాలి. ఏడేళ్ల కిందటి సంతకాన్ని ఇవాళ్టి ఒప్పుదలగా లెక్కేయడం తప్పు, అసలు లేనట్టు నటించడమూ తప్పే. కొత్త కమిటీ రెండోది చేసింది, పెద్ద ఫ్లాట్లవాళ్లు మొదటిది చేస్తున్నారు.

ఆ 31 మందిలో ఏడుగురు ఫ్లాట్లు అమ్ముకుని వెళ్లిపోయారు. ఒకాయన పోయారు, ఆ ఇంట్లో ఇప్పుడు కూతురు ఉంటోంది. మిగిలింది 23 మంది. ఒక్క సాయంత్రంలో అందరి తలుపులూ తట్టొచ్చు. వచ్చే ఆదివారం మీటింగ్ మళ్లీ ఉంది. ఇది రాసే సమయానికి కమిటీ నుంచి ఎవరూ సార్ ఇంటికి వెళ్లలేదు. ఆయన ఆ రెండు పేజీల జెరాక్సు తీయించి, తుప్పు పిన్ను తీసేసి కొత్తది కొట్టి, గుడ్డ సంచిలో సిద్ధంగా పెట్టుకున్నారు.