ఓఆర్‌ఎస్ పేరు గొడవ: అసలు మలుపు 2022 జూలైలో

ఎండలు ముదిరి పిల్లలకు వాంతులు, విరేచనాలు మొదలయ్యే రోజులొస్తే ఓఆర్‌ఎస్ గొడవ మళ్లీ పైకొస్తుంది. విరేచనాలతో ఒంట్లోంచి పోయిన నీళ్లు, లవణాలు తిరిగి అందించే పొడి మందు ఓఆర్‌ఎస్. ఆ పేరుతో డబ్బాల్లో తీపి డ్రింకులు అమ్మడమే ఈ గొడవ. పేరు మార్చుకుని వచ్చిన డబ్బా మంచిదేనా, షాపులో ఇచ్చింది అసలుదేనా అని తల్లులు అడుగుతుంటారు. చట్టం దాటి మేమేం చేయలేదని కంపెనీలంటాయి. పేరు మారింది గానీ కొనే అలవాటు మారలేదని పిల్లల డాక్టర్లంటారు.

ఓఆర్‌ఎస్ ఎలా పుట్టింది, 1971 నాటి శరణార్థి శిబిరాల్లో డాక్టర్ దిలీప్ మహలనబిస్ దాంతో ఎన్ని ప్రాణాలు నిలబెట్టారు అన్నది చాలామంది చదివిందే. ఇప్పటి గొడవ అర్థం కావాలంటే అంత వెనక్కి వెళ్లక్కర్లేదు.

2025 అక్టోబరు 14న ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఒక ఆదేశం ఇచ్చింది. పళ్ల రసాలు, రెడీమేడ్ డ్రింకుల పేర్లలో ఓఆర్‌ఎస్ అనే మాట ముందు గానీ వెనక గానీ ఉండకూడదని దాని సారాంశం. కథ అక్కడే మొదలైందని చాలామంది అనుకుంటున్నారు. నిజానికి ఆ రోజు జరిగింది, ఆ సంస్థ మూడేళ్ల కిందట తానే ఇచ్చిన అనుమతిని తానే వెనక్కి తీసుకోవడం.

2022 ఏప్రిల్ 8న ఇదే సంస్థ ఇలాంటి డ్రింకులకు ఓఆర్‌ఎస్ పేరు వాడొద్దని చెప్పింది. జూలై 14కల్లా మాట మార్చింది. రిజిస్టరైన ట్రేడ్‌మార్కులో భాగంగా ఆ మాట వాడుకోవచ్చు, కాకపోతే ‘ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు చేసిన ఓఆర్‌ఎస్ ఫార్ములా కాదు’ అని లేబుల్ మీద వేయాలి అంది. 2024 ఫిబ్రవరి 2 నాటి మరో ఆదేశం కూడా ఈ వెసులుబాటును అలాగే ఉంచింది. మధ్యలో మూడు ఎండాకాలాలు గడిచిపోయాయి.

నా దృష్టిలో మొత్తం గొడవకు మూలం ఆ జూలై ఆదేశమే. డబ్బా మీద పేరేమో ఓఆర్‌ఎస్ అంటుంది, పక్కన ఒక వాక్యమేమో కాదంటుంది. ఆ రెండింటిలో కొనేవాళ్లు దేన్ని నమ్ముతారు? మన లేబుల్ నిబంధనల ప్రకారం వివరాలు ఇంగ్లిషులో గానీ హిందీలో గానీ ఉంటే చాలు, తెలుగు తప్పనిసరి కాదు. రాత్రి పదింటికి చంకలో పిల్లాడితో మెడికల్ షాపు ముందు నిలబడ్డ తల్లి, ఆ ఇంగ్లిషు వాక్యం వెతికి చదివి, అర్థం చేసుకుని డబ్బా తిరిగి ఇచ్చేస్తుందన్న లెక్కతో ఆ అనుమతి ఇచ్చారు.

మా చెల్లెలి కొడుకుకు మోషన్స్ పట్టుకున్నప్పుడు నేనే వెళ్లాను. ఓఆర్‌ఎస్ ఇవ్వమంటే కౌంటర్ దగ్గరి కుర్రాడు అడిగిన మొదటి మాట, ‘ఏ ఫ్లేవర్ సార్, యాపిలా, ఆరెంజా?’ రెండు డబ్బాలు తెచ్చాను. పిల్లాడు మారాం చేయకుండా స్ట్రా పెట్టుకుని తాగుతుంటే ఇంట్లో అందరం సంతోషపడ్డాం. తెల్లారేసరికి విరేచనాలు ఇంకా ఎక్కువయ్యాయి. డాక్టరుగారు డబ్బా తిప్పి చక్కెర రాసిన చోట వేలు పెట్టి చూపించారు. ఇది జ్యూసండీ, పొడి ప్యాకెట్ తెచ్చి లీటరు నీళ్లలో కలపండి అన్నారు. మందుకు ఫ్లేవరేంటని నాకు ఆ రాత్రి తట్టనే లేదు.

చక్కెర ఎంతుంటే ఏంటి అనుకునేవాళ్ల కోసం 2002 నాటి సంగతి చెప్పాలి. అప్పటిదాకా వాడిన ఓఆర్‌ఎస్‌లో లీటరుకు 20 గ్రాముల గ్లూకోజు ఉండేది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ కలిసి దాన్ని 13.5 గ్రాములకు తగ్గించాయి. దాంతోపాటు 2.6 గ్రాముల ఉప్పు, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడ్, 2.9 గ్రాముల ట్రైసోడియం సిట్రేట్. పాత ఫార్ములాతో పోలిస్తే కొత్త దాంతో సెలైన్ ఎక్కించాల్సిన పరిస్థితి దాదాపు 33 శాతం, వాంతులు 30 శాతం, విరేచనాల పరిమాణం 20 శాతం తగ్గాయి. పేగులో సోడియం, గ్లూకోజు సరైన పాళ్లలో ఉంటే ఒకదాన్నొకటి పట్టుకుని లోపలికి పోతాయి, వాటి వెంట నీళ్లు పోతాయి. చక్కెర ఎక్కువైతే ఆ పని తిరగబడుతుంది. ఒంట్లోని నీళ్లే పేగులోకి వచ్చేస్తాయి.

ఆరున్నర గ్రాముల తేడా కోసం శాస్త్రవేత్తలు అంత కష్టపడ్డారు. డబ్బాల్లో అమ్మే కొన్ని డ్రింకుల్లో లీటరుకు వంద గ్రాములు దాటిన చక్కెర ఉంది. పేరు మాత్రం దాన్నే వాడుకున్నారు.

ఇది బయటపెట్టడానికి హైదరాబాద్‌కు చెందిన పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ దాదాపు ఎనిమిదేళ్లు పోరాడారు. అధికారులకు ఉత్తరాలు రాశారు, వీడియోలు చేశారు, 2022లో తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. ఆమె ఎదుర్కొన్న చిక్కు ఒక కంపెనీతోనో ఒక అధికారితోనో పోయేది కాదు. ఓఆర్‌ఎస్ పొడి మందు కిందికి వస్తుంది, దాని తయారీకి డ్రగ్ లైసెన్సు కావాలి. డబ్బాలో డ్రింకు ఆహారం, దానికి ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు చాలు. మందుల నియంత్రణవాళ్లకు అది ఆహారం, కొనేవాళ్లకు అది మందు. రెండూ మెడికల్ షాపులో ఒకే అరలో పక్కపక్కన ఉంటాయి. ఏది ఏ చట్టం కిందిదో ఆ అరను చూసి ఎవరూ చెప్పలేరు.

కంపెనీల వాదన కూడా చెప్పుకోవాలి. అనుమతి ఉన్నంతకాలం అడిగిన వాక్యం వేశామని, ట్రేడ్‌మార్కులు ఏళ్లనాటివని, తమ మాట వినకుండా ఉన్నట్టుండి నిషేధించారని వాటి ఫిర్యాదు. ఇలాంటి డ్రింకుల్లో ఒకటైన ఓఆర్‌ఎస్‌ఎల్ తయారుచేసే కంపెనీ 2025 అక్టోబరు 17న ఢిల్లీ హైకోర్టు నుంచి తాత్కాలిక ఊరట తెచ్చుకుంది. అదే నెలాఖరుకు ఎఫ్ఎస్ఎస్ఏఐ దాని వినతిని తోసిపుచ్చింది. అక్టోబరు 31న, ఇదే నిషేధం మీద మందుల కంపెనీ డాక్టర్ రెడ్డీస్ వేసిన పిటిషన్‌లో జోక్యం చేసుకోవడానికి హైకోర్టు ఒప్పుకోలేదు. నవంబరు 19న షాపుల నుంచి, ఆన్‌లైన్ నుంచి ఈ సరుకు తీసేయించాలని రాష్ట్రాలకు మళ్లీ ఆదేశాలు వెళ్లాయి. తప్పుడు లేబుల్‌కు ఆహార భద్రత చట్టంలోని 52వ సెక్షన్ కింద 3 లక్షల దాకా, తప్పుదోవ పట్టించే ప్రకటనకు 53వ సెక్షన్ కింద 10 లక్షల దాకా జరిమానా ఉంది.

ఈ గొడవ చూసి ఓఆర్‌ఎస్‌ను డాక్టరు చీటీ లేకుండా అమ్మడమే తప్పు అనేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఓఆర్‌ఎస్ బలమే అది. డాక్టరు కోసం, బస్సు కోసం చూడకుండా, మొదటి విరేచనానికే ఇంట్లో మొదలుపెట్టగలగడం. కూలి పని మానుకోకుండా ఆశా కార్యకర్త దగ్గర ఊరికే తెచ్చుకోగలగడం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం విరేచనాలైన పిల్లల్లో 60.6 శాతానికే ఓఆర్‌ఎస్ అందింది. అంటే వందలో దాదాపు నలభై మందికి అందలేదు. దాన్ని చీటీ వెనక దాస్తే ఆ నలభై యాభై అవుతుంది.

అయితే చీటీ లేని మందుకు ఎలా వాడాలో చెప్పేవాళ్లెవరూ ఉండరు, ప్యాకెట్ ఒక్కటే ఉంటుంది. అసలైన ఓఆర్‌ఎస్‌తో కూడా పొరపాటు జరుగుతుంది. లీటరుకు సరిపడే పెద్ద ప్యాకెట్‌ను ఒక్క గ్లాసు నీళ్లలో కలిపి తాగిస్తే ఒంట్లో ఉప్పు ప్రమాదకరంగా పెరుగుతుంది. 200 మిల్లీలీటర్లకు సరిపడే చిన్న ప్యాకెట్లు కూడా దొరుకుతాయి కాబట్టి ఈ తికమక తరచూ వస్తుంది. సగం ప్యాకెట్ వేసి మిగతాది రేపటికి దాచేవాళ్లూ ఉన్నారు. కొలత మీద ఇంత ఆధారపడే మందుకు పేరు కూడా స్పష్టంగా లేకపోతే కొనేవాళ్లకు పట్టుకోవడానికి ఏం మిగులుతుంది?

2025 ఆదేశాలు పేరు సంగతి తేల్చాయి. షాపులో ఏ అరలో పెట్టాలన్న సంగతి తేల్చలేదు. ఓఆర్‌ఎస్‌ఎల్ ఇప్పుడు ఈఆర్‌జడ్‌ఎల్ పేరుతో వస్తోంది. చట్టం దృష్టిలో అది పేరు సరిచేసుకున్న డ్రింకు, అమ్ముకోవచ్చు. దాన్ని విరేచనాల మందుల పక్కన పెట్టొద్దని ఆ ఆదేశాలు షాపువాళ్లకు చెప్పలేదు. ఓఆర్‌ఎస్ అడిగినవాళ్లకు పొడి ప్యాకెట్టే ఇవ్వాలనీ చెప్పలేదు. మొన్న మా వీధి చివర షాపులో ఒకావిడ ఓఆర్‌ఎస్ అడిగింది. కుర్రాడి చెయ్యి ముందు డబ్బాల వైపే వెళ్లింది.