పదో రోజు జ్వరం

"మావారికి కీమో ఎక్కించిన రోజు ఏమీ కాలేదు. వారం దాకా బాగానే తిన్నారు, తిరిగారు. పదో రోజు రాత్రి జ్వరం ఎందుకొచ్చింది?" అని ఒక పాఠకురాలు అడిగారు. వెంటే ఇంకో ప్రశ్న: మందు 21 రోజులకోసారే ఎందుకు, వారం వారం ఇచ్చేసి తొందరగా ముగించకూడదా? రెండింటికీ జవాబు ఒక్కచోటే ఉంది, ఎముకల మూలుగలో.

పాత తరం కీమో మందులకు క్యాన్సర్ కణం, మంచి కణం అన్న తేడా తెలియదు. జోరుగా రెండుగా చీలుతున్న కణం ఏదైనా సరే, దెబ్బ తింటుంది. జుట్టు రాలడం, నోరు పూయడం అందువల్లే. అవి అందరికీ తెలిసినవే కాబట్టి నేరుగా మూలుగకు వస్తాను.

హైదరాబాద్‌లో చాలా కాలనీలకు నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. అందుకే ఇంటి కింద సంపు, మేడ మీద ట్యాంకు. ఎక్కడో మెయిన్ పైపు పగిలితే ఆ రోజు ఇంట్లో ఎవరికీ తెలియదు. కుళాయి తిప్పితే నీళ్లు వస్తూనే ఉంటాయి. ముందు సంపు అడుగంటుతుంది, తర్వాత ట్యాంకు ఖాళీ అవుతుంది, అప్పుడు తెలుస్తుంది. అప్పటికి పైపు అతికించే పని సగం అయిపోయి ఉంటుంది కూడా.

సూక్ష్మజీవులతో ముందుగా కలబడే తెల్లకణాలు న్యూట్రోఫిల్స్. వాటి కథా ఇదే. మూలుగలోని మూలకణాలు చెరువు లాంటివి. ఎక్కువ భాగం నిద్రలో ఉంటాయి, చీలడం లేదు కాబట్టి మందు వాటి జోలికి పెద్దగా పోదు. వాటి నుంచి పుట్టి వేగంగా చీలుతున్న పిల్లకణాలే పైపు. మందు తెగ్గొట్టేది దాన్నే. చీలడం ముగించి, పూర్తిగా ఎదిగి, మూలుగలో నిలవున్నవి సంపు. రక్తంలో తిరుగుతున్నవి ట్యాంకు. రక్తంలోకి వచ్చిన న్యూట్రోఫిల్ బతికేది మహా అయితే రోజుల లెక్కే కాబట్టి ట్యాంకు చాలా చిన్నది. సంపు ఉన్నంతకాలం రోగి బాగానే కనిపిస్తాడు. అది కొన్ని రోజులకే సరిపోతుంది. కొత్త కణం పుట్టి, ఎదిగి, రక్తంలోకి రావడానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. అందుకే చాలా మందులకు 7వ రోజు నుంచి 14వ రోజు మధ్య కౌంటు అట్టడుగుకు పోతుంది, మూడో వారానికి మళ్లీ లేస్తుంది. 21 రోజుల లెక్క ఇదే. కీమో మర్నాడే రక్తపరీక్ష చేయించి "అంతా నార్మల్" అని నిశ్చింతగా ఉంటే లాభం లేదు, అప్పుడు కొలిచింది నిండు ట్యాంకును.

మెదడు గడ్డలకు ఇచ్చే లోమస్టిన్ మాత్ర దెబ్బ ఆలస్యంగా బయటపడుతుంది. కౌంటు పడిపోయేది 4 నుంచి 6 వారాలకు, అందుకే దాన్ని ఆరు వారాలకోసారి ఇస్తారు. వారం వారం ఇచ్చే పద్ధతీ ఉంది, కానీ మోతాదు తగ్గించి: పాక్లిటాక్సెల్‌ను మూడు వారాలకోసారైతే శరీర వైశాల్యం చదరపు మీటరుకు 175 మిల్లీగ్రాములు, వారం వారం అయితే 80.

అసలు ఇన్నిసార్లు ఎందుకు? 1947-48లో అమెరికా డాక్టరు సిడ్నీ ఫార్బర్ లుకేమియా (రక్తక్యాన్సర్) పిల్లలకు అమినోప్టెరిన్ అనే మందు ఇచ్చాడు. ఆ మందును మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం లెడర్లీ అనే అమెరికా మందుల కంపెనీలో తయారుచేసింది. బడిలో ఆయన పేరు చెప్పి వదిలేస్తారు, చేసిన పని చెప్పరు. చాలామంది పిల్లలు కొన్నాళ్లు కోలుకున్నారు, కానీ జబ్బు తిరగబెట్టింది. ఎందుకో 1960లలో అమెరికా శాస్త్రవేత్త హోవార్డ్ స్కిప్పర్ ఎలుకల మీద లెక్కగట్టి చెప్పాడు: ఒక మోతాదు చంపేది ఇన్ని కణాలని కాదు, ఇంత శాతమని. సెంటీమీటరు గడ్డలో సుమారు 100 కోట్ల కణాలుంటాయి. ప్రతిసారీ నూటికి 99 చస్తాయనుకుందాం. 100 కోట్లు కోటి అవుతాయి, కోటి లక్ష, లక్ష వెయ్యి, వెయ్యి పది. లక్ష దగ్గరే స్కానులో ఏమీ కనబడదు. అక్కడ "తగ్గిపోయింది కదా" అని మానేస్తే ఆ లక్ష మళ్లీ కోట్లవుతాయి. మధ్యలో గడువు దాటిస్తే మిగిలినవి పెరుగుతాయి. మూలుగ కోలుకోవాలి, క్యాన్సర్ కోలుకోకూడదు. కోర్సంతా ఈ రెండింటి మధ్య పరుగే.

కౌంటు పెంచే ఇంజెక్షన్ పెగ్‌ఫిల్‌గ్రాస్టిమ్ నాకు ఎంతో ఇష్టమైన మందు. పెద్దవాళ్లకు 6 మిల్లీగ్రాములు, ఒక్కో విడత కీమోకు ఒకే ఒక్కసారి, కీమో ముగిశాక కనీసం 24 గంటలు ఆగి. ముందే ఇస్తే పిల్లకణాలను చీలమని తొందరపెడుతుంది, చీలుతున్నవాటిని కీమో చంపేస్తుంది. దీని అణువు పెద్దది, కిడ్నీలు వడగట్టలేవు. దాన్ని రక్తంలోంచి తీసేసేది ముఖ్యంగా న్యూట్రోఫిల్సే. అవి తక్కువున్నన్నాళ్లూ మందు నిలుస్తుంది, పెరిగాక అవే మందును ఖాళీ చేస్తాయి. ట్యాంకులో బంతి వాల్వు పనితీరు అచ్చం ఇదే.

రిపోర్టులో చూసుకోవలసింది మొత్తం తెల్లకణాలు కాదు, ఏఎన్‌సీ, అంటే వాటిలో న్యూట్రోఫిల్స్ ఎన్నో చెప్పే లెక్క. తెల్లకణాలు 2,400, న్యూట్రోఫిల్స్ 40 శాతం అయితే ఏఎన్‌సీ 960. తర్వాతి మోతాదుకు మామూలుగా 1,500 దాటాలని చూస్తారు. 500 లోపు ప్రమాదం.

ఇక జ్వరం. చీములో ఎక్కువ భాగం చచ్చిన న్యూట్రోఫిల్సే. అవే లేనప్పుడు చీము పట్టదు, వాపు అంతగా రాదు, ఊపిరితిత్తుల్లో న్యుమోనియా ఉన్నా ఎక్స్‌రే మామూలుగా ఉండొచ్చు. మిగిలే గుర్తు చాలాసార్లు జ్వరం ఒక్కటే. మన ఇళ్లలో దాన్ని "మందు వేడి చేసింది" అనుకుని, సబ్జా నీళ్లు, మజ్జిగ తాగించి తెల్లారేదాకా చూస్తారు. దయచేసి అలా చూడకండి. రక్తంలో చేరిన సూక్ష్మజీవి కొన్ని గంటల్లోనే బీపీ పడగొట్టగలదు. నోట్లో పెట్టి చూస్తే ఒక్కసారి 101 వచ్చినా, గంటసేపు 100.4 ఉన్నా వెంటనే బయల్దేరాలి. టీ తాగిన పావుగంట దాకా థర్మామీటరు పెట్టొద్దు. మలద్వారంలో థర్మామీటరు, ఎనిమా ఈ రోజుల్లో అసలు వద్దు, చిన్న గీత పడినా సూక్ష్మజీవులకు దారి దొరుకుతుంది. డాక్టరుకు చెప్పకుండా పారాసెటమాల్ వేస్తే ఉన్న ఒక్క గుర్తూ మాయమవుతుంది. బొప్పాయి ఆకు రసం, గోధుమగడ్డి రసం లాంటి పచ్చి రసాలు ఈ వారంలో మానాలి.

హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని క్యాన్సర్ ఆసుపత్రిలో మందు ఎక్కించుకుని సాయంత్రం బస్సుకు నల్గొండ, నిజామాబాద్ వెళ్లిపోయేవాళ్లకు ఆ పదో రోజు సొంతూళ్లోనే వస్తుంది. హైదరాబాద్ దాకా రానక్కర్లేదు. ఆసుపత్రికి చేరిన గంటలోపు నరంలోకి యాంటీబయాటిక్ మొదలవ్వాలి కాబట్టి, దాన్ని మొదలుపెట్టగల దగ్గర్లోని ఆసుపత్రికే పోవాలి. కీమో కాగితం చేతిలో ఉండాలి. కౌంటర్లో "జ్వరం" అని మాత్రమే చెబితే వరసలో కూర్చోబెడతారు. "కీమో అయి పదో రోజు, జ్వరం 101" అని చెప్పాలి.