టీవీ చూస్తే మాటలొస్తాయా? పుస్తకం చదివితే చాలా? అపోహలు - వాస్తవాలు

గుంటూరులో 14 ఏళ్లుగా పిల్లలకు స్పీచ్ థెరపీ చేస్తున్నాను. "మావాడికి ఏబీసీడీలు, రంగులు, జంతువుల పేర్లు అన్నీ వచ్చు మేడమ్, కానీ మాట్లాడడు" అంటూ వచ్చే అమ్మానాన్నలు ఏటేటా పెరుగుతున్నారు. ఆ మధ్య ఒక నాలుగేళ్ల బాబు ఇంగ్లీషులో ఇరవై దాకా అంకెలు గడగడా చెప్పాడు. కాసేపటికి చెప్పు పట్టీ బిగుసుకుపోయింది. "తియ్యి" అనలేదు. నా చెయ్యి పట్టుకెళ్లి తన కాలి మీద పెట్టుకున్నాడు. అంకెలు టీవీ నేర్పింది. "తియ్యి" అనే మాట మాత్రం ఎదుట వినే మనిషి ఉంటేనే పుడుతుంది.

అపోహ: టీవీ వల్లే పిల్లలకు ఆటిజం వస్తుంది.

వాస్తవం: కాదు. ఇలా అనుకుని తల్లులు తమను తాము నిందించుకోవద్దు. మాట ఆలస్యమైతే ముందు వినికిడి పరీక్ష, తర్వాత పిల్లల డాక్టర్. "టీవీ ఆపేశాం, అదే వస్తుందిలే" అని ఏడాది ఆగడం ప్రమాదం.

అపోహ: పసిపిల్లలు టీవీలో మాటలు వింటుంటే భాష దానంతటదే వస్తుంది.

వాస్తవం: అమెరికాలో పట్రీషియా కుల్ బృందం 2003లో ప్రచురించిన ప్రయోగం ఉంది. ఇళ్లలో ఇంగ్లీషు తప్ప వినని 9 నెలల పిల్లలకు 12 విడతలుగా మాండరిన్ వినిపించారు. కొందరి ముందు మనిషే కూర్చుని పుస్తకాలు, బొమ్మలు చూపిస్తూ మాట్లాడారు. ఇంకొందరికి అదంతా టీవీలో చూపించారు. మనిషి దగ్గర విన్నవాళ్లు ఆ భాషలోని ధ్వనుల తేడాలు పట్టుకున్నారు. టీవీలో చూసినవాళ్లకు ఏమీ అంటలేదు. బిడ్డ చూపు ఎటు పోతే అటు చూసి, ఊ కొడితే తిరిగి ఊ కొట్టేది మనిషే. రెండేళ్లలోపు పిల్లలకు స్క్రీన్ వద్దనీ, ఐదేళ్ల దాకా రోజుకు గంట మించొద్దనీ మన పిల్లల డాక్టర్ల సంఘం చెప్పేది అందుకే. దూరాన ఉన్న తాతయ్యతో వీడియో కాల్‌కు మాత్రం మినహాయింపు ఉంది. అక్కడ తాతయ్య బదులు పలుకుతాడు కదా.

అపోహ: వాడు చూడడండీ, టీవీ ఊరికే నడుస్తుంటుంది.

వాస్తవం: 2009లో వచ్చిన ఒక అధ్యయనంలో పిల్లల ఒంటి మీద చిన్న రికార్డర్ పెట్టి లెక్క తీశారు. టీవీ మోగిన ప్రతి గంటకూ పెద్దల నోటి నుంచి పిల్లల చెవిన పడే మాటలు సుమారు 770 తగ్గాయి. సాయంత్రం నాలుగు గంటలు సీరియళ్లు నడిచే ఇంట్లో ఎన్ని పోతాయో లెక్క వేసుకోండి.

అపోహ: టీవీలో ఎక్కువ మాటలు దొరుకుతాయి, పిల్లల పుస్తకంలో ఏముంటాయి, పేజీకి రెండు వాక్యాలేగా?

వాస్తవం: దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి. టీవీలో పిల్లి తలుపు చాటునుంచి చూస్తే చూపిస్తారు, అయిపోతుంది. పుస్తకంలో "పిల్లి తొంగి చూసింది" అని రాయక తప్పదు. పొంచి ఉంది, తటాలున దూకింది, బిక్కమొహం వేసింది, చెరువు గట్టున చతికిలపడింది. తెర మీద ఇవన్నీ బొమ్మలే, మాటలు కావు. ఇంగ్లీషులో హేస్, ఆరెన్స్ అనే పరిశోధకులు 1988లో లెక్కగట్టారు: అరుదైన మాటలు పిల్లల పుస్తకాల్లో వెయ్యికి 31 దాకా ఉంటే, పెద్దలు చూసే సాయంత్రపు టీవీ కార్యక్రమాల్లో 23 దాకానే ఉన్నాయి.

ఊహ సంగతీ అంతే. ఒకసారి ఆరుగురు పిల్లలకు ఒంటిస్తంభం మేడలో రాజకుమారి కథ చెప్పి బొమ్మ గీయమన్నాను. ఒక పాప తాటిచెట్టు మీద గుడిసె వేసింది. ఇంకొకడు కరెంటు స్తంభం మీద రెండంతస్తుల ఇల్లు వేసి, తీగల మీద బట్టలు ఆరేశాడు. మరోవారం టీవీలో అందరూ చూసిన కథనే గీయమంటే ఆరు కాగితాల మీదా అదే కోట, అదే గులాబీ రంగు గౌను. ఊహ చచ్చిపోయిందని అనను. ఆ రోజు దానికి పని లేకుండా పోయింది, అంతే.

అపోహ: టీవీ అంతా చెడే.

వాస్తవం: మూడేళ్లు దాటాక మంచి కార్యక్రమం పక్కన కూర్చుని చూస్తే మాటలు నేర్చుకుంటారు. టీవీలో పాట వస్తుంటే కింద అదే భాషలో అక్షరాలు వేయడం పరిశోధకుడు బ్రిజ్ కొఠారి ఆలోచన. 1999లో గుజరాత్ దూరదర్శన్ పాటల కార్యక్రమంలో మొదలైంది. చదవడం కొత్తగా నేర్చిన పిల్లలకు తెలుగు అక్షరాలతో తెలుగు పాట పెట్టండి, వేలు పెట్టి వెంట చదువుతారు.

అపోహ: పుస్తకాలు కొనిచ్చాం కదా, ఇక వాడే చదువుకుంటాడు.

వాస్తవం: చిన్నపిల్లల దగ్గర గబగబా చదివేసి మూసేసే పుస్తకం టీవీ లాంటిదే. వాళ్ల వంతు రావాలి. వైట్‌హర్స్ట్ బృందం 1988లో తల్లిదండ్రులకు ఒకటే మార్పు నేర్పింది: చదువుతూ అడగడం, పిల్ల చెప్పినదానికి ఇంకో మాట కలిపి తిరిగి చెప్పడం. నెల రోజులకే ఆ పిల్లలు మాటల పరీక్షల్లో ముందుకెళ్లారు. మనకు ఇది కొత్త కాదు. ఏడు చేపల కథ మొత్తం ప్రశ్నా జవాబే.

చెప్పు పట్టీ బాబుతో మూడు నెలలు ఆ కథే చెప్పాను, చేపల బొమ్మల పుస్తకం మధ్యలో పెట్టుకుని. "గడ్డిమేటా గడ్డిమేటా, ఎందుకు అడ్డొచ్చావ్?" అని ప్రతిసారీ ఆగేదాన్ని. మనసులో పది లెక్కపెట్టేదాన్ని. ఒకరోజు ఏడో అంకె దగ్గర ఉండగా, ఆవు బొమ్మ మీద వేలు పెట్టి, "ఆవు మేయలే" అన్నాడు. తర్వాతి ప్రశ్న నేను అడగలేదు. వెనక కుర్చీలోంచి వాళ్లమ్మ ముందుకు వంగి అడిగింది: "ఆవా ఆవా, ఎందుకు మేయలేదు?"